నిమ్మలకుంట తోలుబొమ్మలు: ఇంటిభాష, ఆటభాష

బెంగుళూరునుండి గుంతకల్లు వైపు పోవు రైలుదారిలో ధర్మవరము పట్టుచీరలకు ప్రసిద్ధి చెందిన పట్టణము. దానికి చేరువనే నిమ్మలకుంట యను చిన్న గ్రామము కలదు. 2022 వరకు అనంతపురము జిల్లాలో నుండి, ఆపైన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ఊరికి పేరు తెచ్చినవి చీరలు కావు, తోలుబొమ్మలు. ఇచ్చటి శిల్పి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించిన పిదప ఆ పేరు మరింత దూరము ప్రాకినది. బొమ్మను గూర్చి వినినవారు నేడు చాలమంది కలరు. బొమ్మ వెనుక నుండి పలుకు భాషను గూర్చి విచారించినవారు మాత్రము తక్కువ.

ఈ బొమ్మలాటవారి ఇంటిభాష తెలుగు కాదు. వారు ఇంట మాటలాడునది ఆరె యనబడు మరాఠీ మాండలికము. తల్లి బిడ్డను లాలించునది ఆ భాషలో. అన్నదమ్ములు తగవులాడుకొనునది ఆ భాషలో. అయినను దీపము వెలిగించి తెర వెనుక నిలిచినంతనే వారి నోట తెలుగు పద్యము, తెలుగు ద్విపద, తెలుగు సామెత వెలువడును. రామకథకు వారికి ప్రధానమైన ఆధారము పదమూడవ శతాబ్దికి చెందిన గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణము. ద్విపద వారికి తగిన ఛందస్సు. రెండేసి పాదములతో ముగియుచు ఊపిరికి సరిపోవును. ఒక చేత బొమ్మను ఆడించుచు, కాలిక్రింది చెక్కను తాళమునకు తొక్కుచు పాడువానికి అంతకన్న పొడవైన వృత్తము భారమగును. ఈ పాఠమును వారు తరతరములుగా తండ్రి నోట విని నేర్చినవారే గాని గ్రంథము విప్పి చదివినవారు కారు. అందుచే వారు పాడు పంక్తులు అచ్చుప్రతితో అక్షరాక్షరము సరిపోలవు. పండితులు వానిని అపపాఠములనవచ్చును. కాని నోటిలో బ్రతికిన కావ్యమునకు ఆ మార్పులే జీవలక్షణమని అంగీకరింపక తప్పదు.

ఈ కళ వారితో వచ్చినదా? వారు వచ్చి ఈ కళలో చేరిరా? తెలుగుదేశమున బొమ్మలాట ప్రాచీనమనుటకు పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రయే సాక్ష్యము. అందు బొమ్మలాటల ప్రసక్తి కలదు. మరాఠీ మాటలాడు జనము దక్షిణమునకు పెద్దయెత్తున దిగివచ్చినది ఆ తరువాత చాల కాలమునకు. 1638లో బీజాపురపు సేనలు బెంగుళూరును గెలిచిన పిమ్మట ఆ నగరము శాహజీ భోంసలేకు జాగీరుగా దక్కినది. ఆయన కుమారుడు ఏకోజీ 1670 దశకమున తంజావూరిలో రాజ్యము స్థాపించెను. బొమ్మలాటవారి పూర్వులు ఏ సైన్యము వెంట, ఏ యేట వచ్చిరో నిర్ణయించుట సాధ్యము కాదు. అయినను ఒక్క సంగతి స్పష్టము. సోమనాథుడు ఎరిగిన బొమ్మలాట వారి రాకకు ముందే ఇచ్చట నుండినది. వచ్చినవారు ఆ కళను, దానితోపాటు ప్రేక్షకుల భాషను స్వీకరించిరనుకొనుటయే సమంజసము. ఇది జావాకు మననుండియే పోయినదని గర్వించువారు కొందరు కలరు. ఆ వాదమునకు గట్టి ఆధారము చూపబడలేదు గనుక దానిని విడిచిపెట్టుట మేలు.

కర్ణాటకమును చూచిన ఈ సంగతి మరింత స్పష్టపడును. అచ్చట తొగలు గొంబెయాట ఆడు కిళ్ళెక్యాతలకును ఇంటిభాష మరాఠీకి చేరినదే. ఆటభాష మాత్రము కన్నడము. తమిళదేశపు తోలుబొమ్మలాటవారిలోను మరాఠీ మాటలాడువారు కలరు. వారు పాడునది తమిళము. ఒకే ఇంటిభాష మూడు పొరుగుభాషల కావ్యములను మోసినదన్నమాట. కన్నడపు ఆటలో హాస్యగాడు కిళ్ళెక్యాతుడు. ఆ పేరే కులమునకు పేరైనది. తెలుగు ఆటలో వాడు కేతిగాడు. బంగారక్క ఇరుచోట్లను బంగారక్కయే. రాముడు ఒక్కొక్క భాషలో ఒక్కొక్క కవి మాట పలుకుచుండగా, ఈ అల్లరి జంట మాత్రము ఎల్లలు దాటి నిలిచినది. కొప్పళ జిల్లా మోరనాళ గ్రామపు వృద్ధకళాకారిణి భీమవ్వ శిళ్ళేక్యాతరకు 2025లో పద్మశ్రీ లభించినది. బెంగుళూరి కర్ణాటక చిత్రకళా పరిషత్తును నడిపిన ఎం. ఎస్. నంజుండరావు ఊరూరు తిరిగి ఇట్టి పాతబొమ్మలను సేకరించెను. ఆయన సేకరణ పరిషత్తు ప్రదర్శనశాలలో కలదు.

ఇక బొమ్మ చేయు విధము. పూర్వము దేవతల బొమ్మలకు జింకతోలు వాడెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత మేకతోలే శరణ్యమైనది. తోలును నానబెట్టి, రోమములు గీకి, బిగదీసి ఆరబెట్టిన అది కాంతి చొరబడు పొరవలె తయారగును. దానిపై రూపము గీసి, కత్తిరించి, ఆభరణములుండు తావుల చిన్న ఉలులతో రంధ్రములు తొలిచి, ఇరువైపుల రంగు పూయుదురు. దీపము వెలిగినప్పుడు ఆ రంధ్రములే రత్నములై మెరయును. చేతులు వేరుగా చేసి దారముతో కీళ్ళు కట్టుదురు. రావణునివంటి నిలువెత్తు బొమ్మకు ఒక్క చర్మము చాలదు. నిమ్మలకుంటకును బెంగుళూరునకును నడుమ నున్న లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రములను చూచినవారికి, ఆ పక్కచూపు ముఖములు, ఆ నగలు, ఆ వస్త్రముల అంచులు ఈ బొమ్మలకు అన్నదమ్ములవలె తోచును. ఆ చిత్రములు పదునారవ శతాబ్దపు విజయనగర కాలమువి.

ఈ బొమ్మ వారికి వట్టి సరుకు కాదు. పెట్టెలో దేవతల బొమ్మలను, రాక్షసుల బొమ్మలను వేరువేరుగా కట్టి పెట్టుట పాత అలవాటు. కలిపి పెట్టిన అవి పోట్లాడుకొనునట! జీర్ణమైన బొమ్మను చెత్తలో వేయక నీట విడిచెడివారు. వానలు పడని యేడు ఊరివారు పిలిపించి విరాటపర్వము ఆడించెడివారు. అనంతపురము సీమలో అట్టి యేడులకు కొరత లేదు.

సినిమా వచ్చిన పిదప, అటు తరువాత దూరదర్శనము వచ్చిన పిదప, రాత్రి తెల్లవార్లు కూర్చుండు ప్రేక్షకుడు తరిగిపోయెను. హస్తకళా సంస్థల ప్రోత్సాహముతో నిమ్మలకుంటవారు దీపపు గుమ్మటములు, గోడకు వ్రేలాడదీయు పటములు, తలుపుల అలంకారములు చేయనారంభించిరి. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆటతోనే పొట్ట పోసికొనవలసివచ్చిన ఈ కుటుంబములలో అనేకులు పని విడిచి వలసపోయెడివారే. దీపపు గుమ్మటమే వారిని ఊరిలో నిలిపినది. దానిని నిందించుట అన్యాయము.

అయినను ఒక లెక్క చూడవలసియున్నది. గుమ్మటమునకు ఉలి కావలెను, రంగు కావలెను, కన్ను కావలెను, ద్విపద అక్కరలేదు. బెంగుళూరి హస్తకళా ప్రదర్శనలో ఆంజనేయుని బొమ్మగల గుమ్మటమును బేరమాడు గృహస్థు, అది పాడునో లేదో అడుగడు. తండ్రివద్ద పని నేర్చు బాలుడు ఇంట ఆరె మాటలాడును, సంతలో తెలుగు మాటలాడును. ఆ తెలుగునకు కావ్యముతో పనిలేదు. లోగడ అతని తాతకు కావ్యపు తెలుగును నేర్పినది ఆట ఒక్కటే. ఆట అరుదైనకొలది ఆ చదువును అరుదగుచున్నది.

ప్రదర్శనశాలలు బొమ్మలను కాపాడుచున్నవి. వానితోపాటు సేకరింపదగినవి మరికొన్ని కలవు: ఏ బొమ్మ తెరమీదికి వచ్చునప్పుడు ఏ ద్విపద ఎత్తుకొందురు, అచ్చుప్రతికి భిన్నముగా ఏ ఇంట ఏ పంక్తి నిలిచినది, కేతిగాని మాటలలో ఏది తెలుగు, ఏది ఆరె. ఇవి ఇప్పటికిని పెద్దల నోట కొంత మిగిలియున్నవి. నిమ్మలకుంటకు బెంగుళూరునుండి ఒక పూట ప్రయాణము.