సారా పోరాటం గుర్తులు ఏ బీరువాలో ఉన్నాయి?

చుట్టాలొస్తే సోమశిల డ్యాం చూపిస్తాం. ఉదయగిరి తీసుకుపోయి, 1514లో కృష్ణదేవరాయలు గెలిచిన కోట ఇదేనని చెప్తాం. మన పల్లెల ఆడవాళ్ళు సారా మీద గెలిచిన సంగతి చూపించాలంటే మాత్రం చేతిలో ఏమీ ఉండదు. అందుకే సమాఖ్య ఆఫీసులో ఒక గది, అది కుదరకపోతే ఒక బీరువా అయినా ఆ గుర్తులకు పెట్టుకోవాలని అనుకుంటా ఉన్నాం.

కొత్త సభ్యుల కోసం కొంచెం వెనక్కి పోవాలి. 1980లలో 'వారుణివాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో ప్రభుత్వమే అమ్మించింది. మంచినీళ్ళు సరిగా రాని ఊరికి కూడా ప్యాకెట్ వచ్చేది. మగవాళ్ళ కూలి ఇల్లు చేరకముందే అంగట్లో అయిపోయేది. ఆడమనిషి కూలి కూడా గుంజుకునేవాళ్ళు. ఆపైన దెబ్బలు, పిల్లల పస్తులు.

1990ల మొదట్లో అక్షరదీపం రాత్రి బడులు వచ్చాయి. అక్కడి వాచకంలో తాగుడుతో పాడైన ఇంటి కథ ఉంది, సీతమ్మ కథ అని. అక్షరాలు కూడబలుక్కుని చదివిన ఆడవాళ్ళకు అందులో తమ ఇల్లే కనపడింది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించారు. ఆ సంగతే 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమైంది, అది చదివి వేరే ఊళ్ళు లేచాయి. 1992లో చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా బండ్లకు అడ్డం నిలబడ్డారు. ప్యాకెట్లు రోడ్డు మీద పారబోశారు. నెల్లూరులో సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది గానీ 1997లో సడలించేశారు. సర్కారు సారా మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాతే పొదుపులక్ష్మి. రోజుకు రూపాయి. సారా అంగడికి పోయే డబ్బు డబ్బాలో పడింది. మన సంఘాలకు వేరు అక్కడే ఉంది.

జపాన్‌లో హిరోషిమా మ్యూజియంలో మాడిపోయిన ఒక పిల్లవాడి అన్నం డబ్బా పెట్టారు. బాంబు ఏం చేసిందో ఆ డబ్బా చెప్తుంది. మనకూ అట్లాంటివే చాలు: రాత్రి బడి పలక, చిరిగిన వాచకం, మొదటి పొదుపు పుస్తకం, ఎక్కడైనా మిగిలి ఉంటే ఒక ఖాళీ సారా ప్యాకెట్.

కష్టమైన ప్రశ్న ఒకటుంది. కొట్టినవాళ్ళ పేర్లు రాయాలా? వద్దనే మేం అనుకుంటాం. వాళ్ళలో కొందరు తాగుడు మాని, మనవళ్ళను ఎత్తుకుని తిరుగుతా ఉన్నారు. వాళ్ళ కూతుళ్ళు, కోడళ్ళు మన సంఘాల్లోనే ఉన్నారు. అట్లని దెబ్బల సంగతి దాచేస్తే, చూసేవాళ్ళకు ఆ చీపురు ఎందుకు లేచిందో అర్థం కాదు. ఊరు, ఏడాది, జరిగింది రాద్దాం, మగవాడి పేరు వదిలేద్దాం. పోయిన ఆడవాళ్ళ పేర్లు ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే రాద్దాం.

చివరి అట్ట మీద 'శాంతి వచ్చింది' అని రాయమని కొందరు అంటున్నారు. బెల్టు షాపు ఉన్న ఊరి సభ్యురాలు ఆ అట్ట చదివి ఏమనుకుంటుంది? ఆ జాగా ఖాళీగానే ఉంచుదాం.

పెద్దవాళ్ళు బతికి ఉండగానే వాళ్ళ మాట రికార్డు చేసుకోవాలి. ట్రంకు పెట్టెల్లో పాత వాచకాలు, పొదుపు పుస్తకాలు ఉంటే చెదలు పట్టకముందే వచ్చే మీటింగుకు తీసుకురండి. రసీదు రాసిస్తాం, వెనక్కి కావాలంటే ఇచ్చేస్తాం.