అంతా వయసేనా?

సెప్టెంబరు 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. ఏటా ఆ వారం మతిమరుపు మీద వ్యాసాలొస్తాయి. ఆ మతిమరుపును చూసే డాక్టర్లు ఎలా తయారయ్యారో ఎవరికీ గుర్తు రాదు.

ఆయుర్వేదానికి ఉన్న ఎనిమిది అంగాలను చెబుతూ వాగ్భటుడు ముసలితనానికి (జర) ఒకటి, మనసును పట్టే గ్రహాలకొకటి లెక్కపెట్టాడు. ముదిమినీ మనసునూ కలిపి చూసే తొమ్మిదో అంగం లేదు. అక్కణ్ణుంచి వెయ్యేళ్ల పైచిలుకు దాటేద్దాం. 1906లో జర్మనీలో ఆల్జీమర్ అనే డాక్టరు, మతి పోయి చనిపోయిన తన రోగి ఆగుస్టె మెదడు గురించి చెబితే సభలో ఒక్క ప్రశ్నా రాలేదట!

నాకు ముచ్చటైన ఘట్టం ఆ తర్వాతిది, ఇంగ్లండులోది. పిచ్చాసుపత్రుల్లో చేరిన ముసలివాళ్లను ‘మెదడు అరిగిపోయింది’ అని వెనక వార్డుల్లో పడేసే రోజులవి. చిచెస్టర్ దగ్గరి గ్రేలింగ్‌వెల్ ఆసుపత్రిలో మార్టిన్ రాత్ అనే మానసిక వైద్యుడు పాత రికార్డులు తిరగేశాడు. అరవై దాటాక చేరినవాళ్లు ఆరు నెలలకు, రెండేళ్లకు ఏమయ్యారు? దిగులు జబ్బుతో వచ్చినవాళ్లలో సగానికి పైగా ఆరు నెలల్లోనే ఇంటికెళ్లారు. మతి క్షీణించినవాళ్లలో సగానికి పైగా అప్పటికే చనిపోయారు. అంటే అది ఒకే జబ్బు కాదు! 1955లో అచ్చయిన రాత్ వ్యాసంలో గొప్ప యంత్రమేమీ లేదు, ఓపిక తప్ప.

బెత్లెమ్ ఆసుపత్రిలో ఫెలిక్స్ పోస్ట్ వృద్ధుల వార్డు నడిపి, కుర్ర డాక్టర్లకు పని నేర్పి, 1965లో పాఠ్యగ్రంథం రాశాడు. 1969లో గుడ్‌మేయస్ ఆసుపత్రికొచ్చిన టామ్ ఆరీ ఇంకో అడుగు వేశాడు: రోగిని చేర్చుకునే ముందే ఇంటికెళ్లి చూడాలన్నాడు. వంటింట్లో పొయ్యి వెలుగుతోందా, మందులెవరిస్తున్నారు, కోడలు ఎంత అలిసిపోయింది? ఇవి ఓపీలో తెలిసేవి కావు మరి. రాత్ పుట్టింది బుడాపెస్ట్‌లో, పోస్ట్ బెర్లిన్‌లో, ఆరీ ప్రాగ్‌లో. ఇంగ్లండు ముసలివాళ్ల గోడు వినడానికి బయటివాళ్లే రావాల్సి వచ్చింది.

ఇక్కణ్ణుంచి కథ చెదిరిపోతుంది. బ్రిటన్ ప్రభుత్వం వృద్ధుల మానసిక వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించింది 1989లో. అమెరికాలో ప్రత్యేక పరీక్ష 1991లో మొదలైంది. మన దేశంలో లక్నో కింగ్ జార్జ్ వైద్య విశ్వవిద్యాలయంలోనూ, బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనూ ఇందులో ఎం.డి. తర్వాత మూడేళ్ల డి.ఎం. కోర్సు ఉంది. సీట్లు మాత్రం కొద్ది. 2023లో వచ్చిన అంచనా ప్రకారం దేశంలో డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) ఉన్నవాళ్లు 88 లక్షలు. డి.ఎం.లతో తెమిలే పని కాదిది. ఆరీ పద్ధతి మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టరుకూ రావాలి. కానీ కొడుకు డాలస్‌లో, కూతురు సిడ్నీలో ఉన్న ఇంటికెళ్లి డాక్టరు ఎవరినడుగుతాడు? అమ్మ నిన్న రెండుసార్లు తాళం మరిచిపోయిందని పనమ్మాయికి తెలుసు, పక్కింటావిడకు తెలుసు. వాళ్లను అడగడం సిలబస్‌లో ఎక్కడుందో మరి!