పటం, పాట, పరమార్థం: చేర్యాల చిత్రంలో దైవదర్శనం

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఒక భక్తుడు ఇటీవల ఆలయానికి వచ్చి, "అయ్యగారూ, శిల్పారామంలో చేర్యాల పటం ఒకటి కొన్నాను. అందులో శివపార్వతులున్నారు. పూజామందిరంలో ఉంచవచ్చునా, గోడకు అలంకారంగానే ఉంచవలెనా?" అని అడిగినారు. ప్రశ్న చిన్నదే. దాని వెనుక మన నేల చరిత్ర, శాస్త్రహృదయం రెండూ ఉన్నవి.

మొదట శాస్త్రం. శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణ భగవానుడు ఉద్ధవునికి క్రియాయోగాన్ని ఉపదేశిస్తూ ప్రతిమలు ఎనిమిది విధాలన్నాడు. శిల, దారువు, లోహం, లేపనద్రవ్యం, చిత్రలేఖనం, ఇసుక, మనస్సు, మణి అనేవి ఆ ఎనిమిది. కనుక 'లేఖ్య' ప్రతిమ, అనగా చిత్రరూపం, పూజార్హమే. దానికి జలాభిషేకం మాత్రం లేదు. మృదువుగా తుడుచుటయే స్నానం. చిత్రానికి ఎదురుగా అద్దం ఉంచి, అందులోని ప్రతిబింబానికి అభిషేకం జరిపే సంప్రదాయమూ కలదు.

ఇక చరిత్ర. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండేది. అక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు వస్త్రాన్ని తీసుకొని, దానికి బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూతలుగా పట్టిస్తారు. ఆరిన పిదప కుంచెతో రేఖలు గీస్తారు. నేపథ్యానికి ఎరుపు నింపి, ఆ పైన తక్కిన వర్ణాలు వేస్తారు. పూర్వపు పటాలు నలభై అడుగులకు మించి కూడ ఉండేవి. మొదట విఘ్నేశ్వరుడు, ఆ తరువాత వరుసగా కథాఘట్టాలు.

ఈ క్రమాన్ని వినగానే వేదాంతం చదివినవారికి విద్యారణ్యస్వామి 'పంచదశి' స్ఫురింపక మానదు. అందులోని చిత్రదీప ప్రకరణంలో ఆయన చిత్రపటాన్నే దృష్టాంతంగా గ్రహించినాడు. శుభ్రమైన వస్త్రం ధౌతం, గంజి పట్టినది ఘట్టితం, రేఖలు గీసినది లాంఛితం, రంగులు నిండినది రంజితం. పరమాత్మ విషయంలో ఇవే క్రమంగా శుద్ధచైతన్యం, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు. చిత్రంలో ఎన్ని రూపాలు కనబడినా ఆధారమైన వస్త్రం ఒక్కటే. పద్నాలుగవ శతాబ్దపు ఆచార్యుడు చెప్పిన ఆ నాలుగు అవస్థలూ నేటికీ చేర్యాల ముంగిళ్లలో కంటికి కనిపిస్తూనే ఉన్నవి.

అయితే ఆ పటం ఒంటరిగా చూడడానికి పుట్టలేదు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, రజకులకు పటంవారు మడేలు పురాణాన్ని, పటం విప్పి చూపుతూ రాత్రులు గానం చేసేవారు. ఇక్కడొక విశేషం గమనింపదగినది. విష్ణుధర్మోత్తర పురాణం తృతీయ ఖండంలోని చిత్రసూత్రాన్ని వజ్రమహారాజుకు ఉపదేశించినవాడు మార్కండేయ మహర్షియే. నృత్యం తెలియక చిత్రం తెలియదు, వాద్యం తెలియక నృత్యం తెలియదు, గీతం తెలియక వాద్యం తెలియదు అని ఆయన బోధసారం. ఆ మహర్షి వంశంలో జన్మించి, తామర తూళ్ల దారంతో దేవతలకు వస్త్రాలు నేసిన భావనర్షి కథను, వస్త్రం మీదనే చిత్రించి, గీతంతో వినిపించినారు మన తెలంగాణ గాయకులు. సూత్రాన్ని చదివి కాదు, ఆచరణలోనే నిలిపినారు.

వేదపాఠశాలలో ఉన్న రోజులలో నేను ఈ పటాలను చులకనగా చూచిన మాట నిజం. ధ్యానశ్లోకంలోని లక్షణాలు వీటిలో ఏవీ, విశాలమైన కన్నులతో, మన పల్లెవారి కట్టుబొట్టుతో ఉన్న ఈ దేవతలేమిటి అనుకొనేవాడిని. అది అవివేకం. సంస్కృత పురాణం చేరని ముంగిళ్లకు, గర్భాలయ ద్వారం తెరుచుకోని మనుష్యులకు, దైవాన్ని చుట్టగా చుట్టి భుజాన మోసుకొని వెళ్లినవారు వీరు. మనం భక్తులను ఆలయానికి పిలిచినాము. వారు ఆలయాన్నే భక్తుల వద్దకు తీసుకొని వెళ్లినారు. జీర్ణమైన పటాన్ని పారవేయక నదిలో నిమజ్జనం చేసే ఆచారమే, వారు దానిని వస్తువుగా కాక దేవతగా భావించినారనడానికి సాక్ష్యం.

నేడు గాయకులు అరుదైనారు. వ్రాసే కుటుంబాలు కొద్దిగానే మిగిలినవి. పొడవైన పటాల స్థానంలో గోడకు తగిలించే చిన్న చిత్రాలు వచ్చినవి. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలోని శిల్పారామంలో అవి దొరకడం సంతోషమే, చిత్రకారునికి అది జీవనం. కాని పాట లేని పటం మూగబోయిన పురాణం.

కనుక ఆ భక్తునికి చెప్పినదే మీకూ విన్నవిస్తున్నాను. పటాన్ని నిస్సందేహంగా పూజామందిరంలో ఉంచండి. తడి తగలనీయకండి. కొనేటప్పుడు ధర ఒక్కటే కాక, అందులోని కథ ఏదో చిత్రకారుని అడగండి. దీపం వెలిగించిన పిదప ఆ కథను పిల్లలకు మీ నోటితో చెప్పండి. అప్పుడు మాత్రమే ఆ పటం సంపూర్ణమవుతుంది. స్వస్తి.