ఇనుప స్కేట్లు, ఎనిమిది ముక్కలు

హాకీ అనగానే మీకు ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం, బంతి గుర్తుకొస్తాయి. కెనడా పిల్లవాణ్ణి అడగండి, వేరే ఆట చెబుతాడు. అక్కడ మైదానం మంచుగడ్డ, కాళ్లకు స్కేట్లు, బంతికి బదులు ‘పక్’ అనే గట్టి రబ్బరు బిళ్ల. దాని వెడల్పు 3 అంగుళాలు, మందం 1 అంగుళం, బరువు సుమారు 170 గ్రాములు. ఆటకు ముందు దాన్ని బాగా చల్లబరుస్తారు, లేకపోతే మంచు మీద జారకుండా ఎగిరెగిరి పడుతుంది. ఒక్కో జట్టు నుంచి ఆరుగురు బరిలో ఉంటారు.

జపాన్‌కు చెందిన కోనామి సంస్థ 1987లో ఈ ఆటను నాణెం వేసి ఆడే వీడియో యంత్రంలోకి తెచ్చింది. పేరు ‘బ్లేడ్స్ ఆఫ్ స్టీల్’. 1988లో అది టీవీకి తగిలించుకునే నింటెండో యంత్రానికీ వచ్చింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

నింటెండో యంత్రంలో కదిలే బొమ్మలన్నీ చిన్న చిన్న ముక్కలతో తయారవుతాయి. వీటిని ‘స్ప్రైట్’లంటారు. తెర మొత్తం మీద 64 ముక్కలు మించకూడదు. అంతకంటే కఠినమైన నియమం మరొకటి: తెర మీది ఏ అడ్డగీత మీదనైనా 8 ముక్కలే కనిపిస్తాయి. ఒక ఆటగాడి వెడల్పుకు రెండు ముక్కలు కావాలనుకోండి. పక్కపక్కనే నలుగురు నిలబడితే లెక్క సరిపోయింది. అయిదోవాడు మాయం! అందుకే ప్రోగ్రాములు రాసేవారు ముక్కల వరుసను క్షణక్షణం మారుస్తుండేవారు. ఒకసారి ఒకడు, మరోసారి ఇంకొకడు మాయమవుతాడు. మన కంటికి బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. పక్ కోసం అందరూ ఒకచోట గుమిగూడే ఆటకు ఇంతకంటే ఇబ్బంది ఏముంటుంది?

అయితే ఇద్దరు ఆటగాళ్లు పదే పదే ఢీకొంటే తెర మారిపోతుంది. మిగతా అందరూ అదృశ్యమై, ఆ ఇద్దరే పెద్ద బొమ్మలుగా పిడిగుద్దులకు దిగుతారు. ఇద్దరే కనుక ముక్కలు పుష్కలం. ఓడినవాణ్ణి శిక్షగా బయట కూర్చోబెడతారు, గెలిచినవాడు ఆడుకుంటాడు. నిజం హాకీలో ఇది కుదరదు. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో కొట్లాటకు దిగిన ఇద్దరికీ సాధారణంగా అయిదేసి నిమిషాల శిక్ష పడుతుంది. బలవంతుడిదే న్యాయమన్న ఈ సవరణ నాకు నచ్చదు కానీ, ఆడేవాళ్లు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది దీన్నే.

ఇంత స్వేచ్ఛ ఎలా వచ్చింది? నింటెండో ఆటలో లీగ్ జట్ల పేర్లు లేవు. న్యూయార్క్, టొరంటో, మాంట్రియల్ వంటి ఊళ్ల పేర్లే ఉన్నాయి. కనుక లీగ్ పరువు ప్రశ్న రాలేదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ సంగతి అలా కాదు. 1992లో దాని హాకీ ఆటలో కొట్లాటలున్నాయి. లీగ్ పేరుతో 1993లో వచ్చిన ‘ఎన్‌హెచ్ఎల్ 94’లో మాత్రం ఒక్క పిడిగుద్దు కూడా లేదు.