గుండ్లకమ్మ ఒడ్డున మధ్యాహ్న విరామం: తెలుగు మిషను చరిత్రలో శ్రమ, విశ్రాంతి

తెలుగు బాప్తిస్టు సంఘాల్లో 2,222 అనే సంఖ్య తెలియనివారు అరుదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినములో బాప్తిస్మం పొందినవారి సంఖ్య అది. ఉజ్జీవ కూటాల్లోను, సంఘ వార్షికోత్సవాల్లోను ఈ సంఖ్యను చెప్పి, "మరి నేటి సేవకులు ఏమి చేస్తున్నారు?" అని అడగటం మనకు అలవాటు. ఆ దినము పని ఎలా జరిగిందో మాత్రం సాధారణంగా ఎవరూ చెప్పరు. ఆరుగురు తెలుగు బోధకులు ఆ పని చేశారు. ఒకేసారి ఇద్దరు మాత్రమే నీళ్లలో ఉండేవారు. వారు అలసిపోగానే మరో ఇద్దరు దిగేవారు. మధ్యాహ్నం పని ఆపి అందరూ విశ్రమించారు. తిరిగి మొదలుపెట్టి సాయంకాలానికి ముగించారు. మొత్తం పట్టిన కాలం సుమారు తొమ్మిది గంటలు.

దైవసేవలో అధిక శ్రమకును సేవకుని దేహారోగ్యానికిని మధ్య సమతూకం అనే ప్రశ్నను మనం ఇటీవలి మనస్తత్వశాస్త్ర గ్రంథాల నుండి ఎరువు తెచ్చుకున్నట్లు మాట్లాడుతుంటాము. నిజానికి మన మిషను చరిత్ర నిండా ఉన్న ప్రశ్నే ఇది. విశ్రాంతి ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అని అడిగితే ఆ చరిత్ర కొంత వేరుగా కనబడుతుంది.

ముందుగా ఒక పుస్తకం సంగతి చెప్పాలి. అమెరికాలో ఆదివాసుల మధ్య పనిచేసిన డేవిడ్ బ్రైనార్డ్ 1747లో 29 ఏళ్ల వయస్సులో క్షయతో మరణించాడు. జోనాతాన్ ఎడ్వర్డ్స్ అతని దినచర్య గ్రంథాన్ని 1749లో ప్రచురించాడు. విలియం కేరీ, హెన్రీ మార్టిన్ వంటివారు దానిని ఎంతో భక్తితో చదివారు. దేవుని కొరకు కాలిపోవాలని కోరుకున్న మార్టిన్ 1806లో కలకత్తా చేరి, ఉర్దూ, పారసీక అనువాదాలు చేసి, 1812లో టోకాట్ పట్టణంలో మరణించాడు. అప్పటికి అతనికి 31 ఏళ్లు. అయితే ఎడ్వర్డ్స్ తన ముందుమాటలోనే బ్రైనార్డ్‌లోని లోపాలను దాచకుండా చెప్పాడు. వాటిలో ఒకటి విషాద స్వభావం. రెండవది తన బలానికి తగినట్లు శ్రమను కొలుచుకోకపోవడం. పుస్తకాన్ని ఆదర్శంగా తీసుకున్న తరాలు ఈ హెచ్చరికను మాత్రం పట్టించుకోలేదు. ముందుమాటలు చదవని అలవాటు మనకే కాదు, పూర్వికులకు కూడా ఉన్నదన్నమాట!

ఆ ఆదర్శం తెలుగుదేశానికి వచ్చింది విశాఖపట్టణం రేవు ద్వారానే. లండన్ మిషనెరీ సంఘం పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో అక్కడ స్థిరపడ్డారు. భాష నేర్చుకోవడం, బడి, ప్రసంగాలు, పైగా బైబిలు అనువాదం, అన్నీ ఒక్కసారిగా తలకెత్తుకున్నారు. క్రాన్ 1809లోను డెగ్రాంజెస్ 1810లోను మరణించారు. తెలుగు సువార్తల్లో మూడు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి ఇద్దరిలో ఒక్కరూ మిగలలేదు. ఆ అనువాదంలో వారికి తోడ్పడినవాడు ఆనందరాయర్ అనే క్రైస్తవ విశ్వాసి, పూర్వాశ్రమంలో బ్రాహ్మణుడు. వారి తరువాత పనిని అందుకున్న ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధనను పూర్తిచేయగా అది 1818లో మద్రాసులో వెలువడింది. రెండేళ్లకే, 1820లో, ఆయన కూడా కన్నుమూశాడు. ఈ మరణాలను మనం త్యాగాలుగా స్మరిస్తాము, అది తగినదే. కాని మరొక వైపు కూడా చూడాలి. భాష బాగా వచ్చిన మనిషి పోయిన ప్రతిసారి పని వెనక్కి పోయి, కొత్తవాడు మళ్లీ అక్షరాలు దిద్దుకోవలసి వచ్చింది.

మిషను సంఘాలు ఈ పాఠాన్ని మెల్లగా, సమాధుల లెక్క పెరిగిన తరువాత నేర్చుకున్నాయి. మధురలోని అమెరికన్ మిషనెరీలు తమవారు పలువురు చనిపోయాక 1845లో కొడైకెనాల్ కొండమీద ఇళ్లు కట్టుకున్నారు. ఎండాకాలం కొండకు వెళ్లడం, కొన్నేళ్లకొకసారి స్వదేశానికి సెలవుమీద పోవడం క్రమంగా నియమాలయ్యాయి. తెలుగు మిషనులోనూ అంతే. 1840లో నెల్లూరులో పని ప్రారంభించిన శామ్యూల్ డే అనారోగ్యంతో 1840ల మధ్యలో అమెరికా వెళ్లి, 1849లో లైమన్ జూయెట్‌తో కలిసి తిరిగి వచ్చాడు. మళ్లీ ఆరోగ్యం చెడి 1853లో శాశ్వతంగా వెళ్లిపోయాడు. జూయెట్ కూడా 1860ల ఆరంభంలో ఆరోగ్యం కొరకు వెళ్లినవాడే. అయితే ఈ మిషనును ఎత్తివేయాలని అమెరికాలో ఆలోచన జరుగుతున్నప్పుడు దానికి అడ్డుపడినది కూడా సెలవులో ఉన్న ఆ రోగియే. 1865లో తిరిగి వచ్చినప్పుడు జాన్ ఎవరెట్ క్లౌను వెంట తెచ్చాడు. జూయెట్ కొండమీది ప్రార్థనను గురించి మనం ఎంతో చెప్పుకుంటాము. ఆయన సెలవు లేకుంటే ఒంగోలు మిషను ఉండేదా అని కూడా అడగవలసి ఉన్నది.

1866లో క్లౌ ఒంగోలు చేరాక విశ్రాంతి చరిత్ర మరో మలుపు తిరిగింది. ఇక్కడ కొంచెం ఆగి చూడవలసి ఉన్నది. మాదిగ పల్లెల నుండి విశ్వాసంలోకి వచ్చినవారికి ఆనాడు చెప్పిన నియమాలు ముఖ్యంగా మూడు: విగ్రహాలను పూజించకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. మూడవ నియమం మనకు నేడు చాలా చిన్నదిగా, కేవలం మతాచారంగా కనబడుతుంది. ఆనాటి పల్లెలో అది చిన్నది కాదు. చెప్పులు, కపిలబానలు, పశువుల తోళ్లు, పొలం పని, ఊరి వెట్టి, ఇవన్నీ పిలిచినప్పుడు వెళ్లి చేయవలసినవే. అలాంటి మనిషి ఏడు దినాల్లో ఒక దినము తనదని చెప్పడం కరణాలకు, మోతుబరులకు ధిక్కారంగా వినబడింది. దాని ఫలితంగా కూలి ఆపడం, పని ఇవ్వకపోవడం, నీళ్లు దొరకనివ్వకపోవడం, కొట్టడం వరకు వెళ్లింది. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం విశ్రాంతి దినానికి చెప్పే కారణం సృష్టి కాదు, ఐగుప్తు దాస్యం. ఆ అధ్యాయానికి వ్యాఖ్యానాలు అనేకం ఉన్నవి. దాని భావం ఒంగోలు ప్రాంతపు మాదిగ విశ్వాసులకు తమ వీపుల మీద తెలిసింది. తెలుగుదేశంలో విశ్రాంతిని దైవదత్తమైన హక్కుగా మొదట నిలబెట్టుకున్నవారిలో ఈ నిరక్షరాస్యులైన విశ్వాసులను చేర్చక తప్పదని నా అభిప్రాయం.

క్లౌ 1872లో అమెరికా వెళ్లినప్పుడు ఒంగోలు పనిని జాన్ మక్లారిన్ చూసుకున్నాడు. పని ఆగలేదు. తిరిగి వచ్చిన కొద్దికాలానికే 1876-78 కరవు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు పని చూసేవారు, విరామ సమయాల్లో కూలీలకు సువార్త చెప్పేవారు. అన్నం కొరకు విశ్వాసంలో చేరారన్న మాట రాకుండా ఆ కరవులో పదిహేను నెలల పాటు బాప్తిస్మాలు ఆపివేశారు. అంటే గుండ్లకమ్మ దినానికి ముందు పదిహేను నెలల నిగ్రహం ఉన్నది. కోత ఫలితాన్ని చెప్పి ఆ నిరీక్షణను వదిలివేస్తే చరిత్ర వంకరపోతుంది.

ఇక ఆ దినము లెక్క చూద్దాం. తొమ్మిది గంటలు అంటే 540 నిమిషాలు. ఇద్దరు చొప్పున ఇస్తే ఒక్కొక్క చోట 1,111 మంది, అంటే ఒక్కొక్కరికి అర నిమిషం. ఆరుగురికి పంచితే తలకు సగటున 370 మంది. పెంతెకొస్తు దినాన మూడువేలమందికి ముంచి బాప్తిస్మం ఇవ్వడం సాధ్యమేనా అనే పాత వాదానికి ఈ లెక్కను బాప్తిస్టులు ఉత్సాహంగా జవాబు చెప్పుకున్నారు. నాకు మాత్రం ఇందులో మరొక విషయం ముఖ్యంగా తోస్తున్నది. ఒక్క మనిషి ఈ పనికి పూనుకొని ఉంటే మధ్యాహ్నానికే కూలబడి ఉండేవాడు. నిర్గమకాండము 18లో యిత్రో తన అల్లుడికి చెప్పిన పద్ధతినే ఇక్కడ నదిలో పాటించారు. ఆ ఆరుగురి పేర్లు మన ప్రసంగాల్లో వినబడవు. వినబడేది సంఖ్య, దానితోపాటు దొరగారి పేరు.

ఈ బోధకుల సంగతి ఇంకొక విధంగా కూడా చూడాలి. వీరికి కొడైకెనాల్ లేదు, స్వదేశపు సెలవు లేదు, ఎందుకంటే వారు ఉన్నదే స్వదేశం! మూడు నెలలకొకసారి ఒంగోలులో జరిగే కూటాలకు నడిచి వచ్చి, తమ పల్లెల వార్తలు చెప్పి, వాక్యం నేర్చుకొని, సహాయం పుచ్చుకొని వెళ్లేవారు. ఆ కొద్ది దినాలు వారికి కొంత ఊపిరి ఇచ్చి ఉంటాయి. కాని పల్లెపల్లెలో ఆదివారం పని మానమని బోధించినవారికే ఆదివారం అన్నిటికంటె పెద్ద పని దినము. ఏడవ దినమును ఇతరులకు సంపాదించిపెట్టినవానికి దానికి బదులు ఏ దినము ఇవ్వాలన్న ఆలోచన మిషను ఏర్పాట్లలో చోటు చేసుకోలేదు. నేడు ఆదివారం మూడు ఊళ్లలో మూడు ఆరాధనలు జరిపి, సోమవారం పెండ్లికి, మంగళవారం భూస్థాపనకు మోటారు సైకిలు మీద పరుగెత్తే గ్రామ పాస్టరు ఈ ఏర్పాటుకే వారసుడు. అలసట అతని ఆత్మీయ లోపమని చెప్పేముందు సంఘ పెద్దలు అతని వారాన్ని ఒకసారి కాగితం మీద వేసి చూడాలి. మార్కు 6:31లో యేసు విశ్రాంతికి పిలిచింది సోమరులను కాదు, సేవనుండి తిరిగి వచ్చి, భోజనానికి కూడా తీరిక లేని అపొస్తలులను.

కాకినాడ సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. అక్కడ బాప్తిస్టు పనిని ప్రారంభించినది పాశ్చాత్యుడు కాదు, థామస్ గేబ్రియేలు అనే తెలుగువాడు. ప్రభుత్వ తంతి శాఖలో ఉద్యోగం మానుకొని, తనకున్న దానితోనే సేవ సాగించి, అప్పుల పాలయ్యాడు. పని తన ఒక్కడి చేతిలో నిలువదని తెలిసి కెనడా బాప్తిస్టులను పిలిచాడు. ఒంగోలులో క్లౌ సెలవు కాలమంతా పని మోసిన మక్లారినే 1874 మార్చిలో ఆ పిలుపు మీద కాకినాడ వచ్చాడు. గేబ్రియేలుకు చివరకు ఒక తోడు దొరికింది. 1875 జనవరి 1న ఆయన మరణించాడు. మక్లారిన్ వచ్చి అప్పటికి పది నెలలు కూడా నిండలేదు.