మైకుసెట్టు మొదలు స్టీరియో వఱకు

గురులఘువులు లెక్కించుటతో జీవితము గడపిన నాకు వాట్లతోను ఓములతోను పని యేమని మీరడుగవచ్చును. ఆ పనిని నాకు మా గురువుగారి కంఠము కల్పించినది. వారు భాగవత పద్యములు చదువుచుండగా 1980 ప్రాంతమున క్యాసెట్టున పట్టియుంచితిని. ఉద్యోగము విరమించిన పిమ్మట దానిని నిండుగా వినగోరి ఒక జత స్పీకర్లను, నూఱు వాట్ల ఆంప్లిఫయరును కొంటిని. వాట్లెక్కువైన మేలని అంగడివాడనెను, నేను నమ్మితిని. అరగంటలో యంత్రము పెనమువలె కాగి, పద్యము నడుమ మూగవోయినది.

మా నల్లగొండ, మహబూబునగరము పల్లెలవారికి ఈ భ్రమ సహజమే. మేము మొదట ఎఱిగినది పెండ్లిపందిటి మైకుసెట్టు. వేపకొమ్మకు గట్టిన బూర పొలిమేర చేల దాక పలుకవలెను. అచట బిగ్గరతనమే గుణము. అయితే అందు యంత్రము బలము కొంతయే. బూర ఆకారము గాలితో చక్కగా పొత్తు కుదుర్చుకొనును గనుక కొద్ది శక్తితోనే శబ్దము దూరము పోవును. ఇంటి పెట్టెలకు ఆ సౌకర్యము లేదు.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు మూడు ధ్రువముల వాల్వును నిర్మించెను. తీగచుట్ట కదలి కాగితపు శంకువు నాడించు స్పీకరును 1925లో రైసు, కెల్లాగు అనువారు ప్రకటించిరి. పదేండ్లకు, 1935లో, నైజాము ప్రభుత్వము హైదరాబాదు రేడియో కేంద్రమును చేపట్టెను. ఆనాటి రేడియోలో వాల్వులును స్పీకరును ఒకే పెట్టెలో నుండెడివి. జత కుదుర్చుట కర్మాగారమువారి పని. 1931లోనే బ్లూమ్లీను ఇంగ్లండున స్టీరియోకు పేటెంటు కోరినను, ఆ తీరు రికార్డులు 1958లో గాని అంగళ్లకు విరివిగా రాలేదు. యంత్రము వేరు, స్పీకరు వేరు కొనుట ఇండ్లలో వాడుకయైనకొలది జత కుదుర్చు భారము కొనువానిమీద పడినది.

నా యంత్రము వీపున 8 ఓములకు తగ్గరాదని వ్రాసియున్నది. స్పీకర్లు 4 ఓములవి. ఓములనగా విద్యుత్తునకు గల అడ్డు. అడ్డు సగమైనచో ప్రవాహము రెండింతలగును; యంత్రము కాగక యేమి చేయును? పాత వాల్వు యంత్రములకు 4, 8, 16 ఓములకు వేర్వేఱు కొసలుండెడివి.

ఇక వాట్ల మాట. ఒక వాటుకు ఒక మీటరు దూరమున 84 డెసిబెల్లు పలుకు స్పీకరు, 90 పలుకు దానితో సరితూగుటకు నాలుగింతల శక్తి కావలెను. స్పీకరు నెఱుగక వాట్లడుగుట, వృత్తము పేరు చెప్పక యతిస్థానమడుగుట వంటిది! వినువాని రుచియు చూడవలెను. డప్పు దెబ్బకు క్షణకాలము సగటుకు పదింతల శక్తి కావలసి రావచ్చును. చాలనిచో ధ్వని గరగరలాడును. పద్యపఠనమునకు అంత నిలువ అక్కఱలేదు.

యంత్రమును మార్చి, 4 ఓములకోర్చు ముప్పది వాట్లదానిని తెచ్చితిని. షాబాదు బండల గది ఖంగున మ్రోగుచుండగా జంపఖానా పఱచితిని. క్యాసెట్టు స్టీరియో కాదు. రెండు పెట్టెలును ఒకే మాట పలుకును. కాని వాని నడుమకు సరిగా కూర్చుంటినేని కంఠము ఎదుటనుండి వచ్చుచున్నట్లే తోచును. మొన్న పద్యమునకు పద్యమునకు నడుమ గురువుగారు ఊపిరి తీసికొనుటయు, "ఒరే, యతి చూచుకో" అని నన్ను మందలించుటయు వింటిని.