ఇంజిన్ లైట్ వెలిగితే.. కోడ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

కారు మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలగగానే చాలామంది చేసే పని ఒకటే. దగ్గర్లోని షెడ్డుకి తీసుకెళ్తారు, ఉస్తాద్ స్కానర్ పెడతాడు, ఒక కోడ్ వస్తుంది, ఆ కోడ్‌లో పేరున్న సెన్సార్ మారుస్తారు. వారం తిరక్కుండానే లైట్ మళ్లీ హాజర్! పోయింది డబ్బే, సమస్య అక్కడే ఉంది. కోడ్ అనేది కంప్యూటర్‌కి వచ్చిన ఫిర్యాదు మాత్రమే. తీర్పు కాదు.

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌ను ఓబీడీ పోర్ట్ అంటారు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఓబీడీ-2 తప్పనిసరి. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో నిఘా ఇంకా పెరిగింది. బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే కోడ్ ఇంట్లోనే చదవొచ్చు.

కోడ్‌లో మొదటి అక్షరం 'పి' అయితే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు. 'సి' అంటే బ్రేకులు, సస్పెన్షన్. 'బి' బాడీ, 'యు' కంప్యూటర్ల మధ్య సంభాషణ. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్.

పెట్రోల్ కార్లలో తరచూ కనిపించేది పి0301. ఒకటో సిలిండర్‌లో మంట సరిగా పడటం లేదని అర్థం. విడి కాయిల్స్ ఉన్న ఇంజిన్‌లో కొత్త కాయిల్ కొనే ముందు ఒక పరీక్ష ఉంది. ఒకటో కాయిల్‌ను రెండో సిలిండర్‌కి మార్చి, కోడ్ చెరిపి, కొంత దూరం నడపాలి. ఇప్పుడు పి0302 వస్తే కాయిల్‌దే తప్పు. మళ్లీ పి0301 వస్తే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. ఖర్చు దాదాపు సున్నా. ఈ పని చేయకుండా నాలుగు కాయిల్స్ రాసిచ్చే బిల్లుని ఒకసారి ప్రశ్నించడం తప్పేం కాదు.

పి0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. అక్కడ ఆక్సిజన్ సెన్సార్‌నే నిందిస్తారు గానీ, అది వార్త చెప్పినవాడు మాత్రమే. చీలిన గాలి గొట్టం, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సార్, బలహీనపడ్డ ఫ్యూయల్ పంప్ ముందు చూడాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల వైపు తిరిగే బండ్లకు ఊక దుమ్ము తక్కువేం కాదు. ఎయిర్ ఫిల్టర్ తరచూ చూసుకోవడం మంచిది.

బీఎస్-6 డీజిల్ కార్ల కథ వేరు. పొగలోని మసిని డీపీఎఫ్ అనే ఫిల్టర్ పట్టుకుంటుంది. ఎక్కువ వేడిలో ఆ మసిని కాల్చేస్తుంది. ఇంటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి మసీదుకి రెండేసి కిలోమీటర్లే తిరిగితే ఆ వేడి రాదు. పి2463 అంటే మసి పేరుకుందని అర్థం. హెచ్చరిక ఇంకా మొదట్లోనే ఉంటే సూర్యాపేట-కోదాడ మధ్య 40 కిలోమీటర్లకు పైగా ఉన్న హైవే మీద ఆగకుండా ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు శుభ్రపడుతుంది. మాన్యువల్‌లో సూచన చూసి నడపాలి. బండి శక్తి తగ్గిపోయి ఉంటే మాత్రం వర్క్‌షాపే దారి. మసి కాల్చడం మధ్యలో పదే పదే ఆగిపోతే డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగినట్టు కనిపిస్తుంది. అది శుభవార్త కాదు.

లైట్ నిలకడగా ఉంటే నెమ్మదిగా షెడ్డుకి చేరొచ్చు. మినుకుమినుకుమంటే మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని, కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి కేటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుందని అర్థం. వేగం తగ్గించి బండి పక్కకు ఆపాలి. జాన్‌పహాడ్ ఉర్సుకి ఇంటిల్లిపాదీ బయల్దేరిన రోజైనా సరే. ఎర్రగా వెలిగే ఆయిల్ డబ్బా బొమ్మ, టెంపరేచర్ బొమ్మ వీటికంటే ప్రమాదం. వెంటనే ఇంజిన్ ఆపేయాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఇంకో మాట. అమ్మే ముందు కోడ్‌లు చెరిపేయడం నిమిషం పని, బ్యాటరీ తీసినా చాలా కార్లలో పోతాయి. కానీ చెరిపిన వెంటనే కంప్యూటర్ స్వీయ పరీక్షలు కూడా మొదటికి వస్తాయి. యాప్‌లో 'రెడీనెస్' పేజీ తెరిస్తే అవి ఇంకా పూర్తికాలేదని కనిపిస్తుంది. రోజూ నడుస్తున్నదని చెప్పే కారులో చాలా పరీక్షలు అలా ఉంటే, బయానా ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆగి మళ్లీ స్కాన్ చేయించాలి.